ఫ్రీజర్‌లో ఇరవై బిళ్ళలు

1997 జనవరిలో కువైట్ ఆరోగ్యశాఖ నడిపే ఒక పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. మొదటి ఆరేళ్ళు మగవాళ్ళ సర్జికల్ వార్డులో గడిచాయి. 2003లో నన్ను రెండు నెలల శిక్షణకు పంపి, తిరిగొచ్చాక ‘స్టోమా కేర్ నర్సు’ అని కొత్త బ్యాడ్జి ఇచ్చారు. హోదా పెరిగింది, గది మాత్రం తగ్గింది. నాలుగో అంతస్తులో దుప్పట్ల స్టోరు పక్కన, కిటికీ లేని ఒక గది ఇచ్చి, ఇకనుంచి ఈ విభాగం నీదే అన్నారు. విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే కనక ఎవరితోనూ తగాదా రాలేదు.

నరసాపురంలో ఉన్న మా అమ్మకు ఫోనులో ఈ సంగతి చెప్పాను. “ఇంతకీ అక్కడ ఏం చేస్తావే?” అంది. వివరంగా చెప్పాను. “సరేలే, ఎవరైనా అడిగితే నర్సనే చెబుతాను” అంది.

అమ్మకు చెప్పిందే మీకూ చెబుతాను. పేగుకు కాన్సరో, దెబ్బో, మరొకటో వచ్చినప్పుడు, మలం మామూలు దారిన పోవడానికి వీల్లేకపోతే, సర్జన్లు పేగును పొట్ట మీదికి తెచ్చి చర్మానికి కుడతారు. ఆ నోటినే స్టోమా అంటారు. మన బుగ్గ లోపలి రంగులో, ఎప్పుడూ తడిగా, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి పుట్టదు. దాని మీద మనిషికి అదుపూ ఉండదు. ఎప్పుడు పని చేయాలో, ఎప్పుడు శబ్దం చేయాలో అదే నిర్ణయించుకుంటుంది. అందుకని దానిమీద ఒక సంచి తగిలిస్తారు.

సంచి నేరుగా చర్మానికి అతకదు. మధ్యలో జిగురున్న బిళ్ళ ఒకటి ఉంటుంది, దాన్నే ప్లేటు అంటాం. దానికి స్టోమా సైజులో రంధ్రం కత్తిరించి, చర్మానికి అతికించి, ఆ ప్లేటుకు సంచి బిగిస్తాం. సంచిని రోజుకు ఐదారుసార్లు ఖాళీ చేసుకోవచ్చు. ప్లేటును మూడు రోజులకోసారి మార్చాలి. రంధ్రం చిన్నదైతే పేగు నలుగుతుంది. పెద్దదైతే స్టోమా చుట్టూ చర్మం బయటపడుతుంది. చిన్నపేగు నుంచి వచ్చేది సగం జీర్ణరసమే. అన్నాన్ని కరిగించడం అలవాటైన రసం కనక చర్మాన్ని కూడా అన్నమే అనుకుంటుంది. కొన్ని గంటల్లో చర్మం కాలినట్టు ఎర్రబడుతుంది, ఆ తడికి ప్లేటు ఊడుతుంది. ఈ వృత్తిలో సగం తెలివి ఆ రంధ్రంలోనే ఉంది.

2005 జులైలో ఉమ్ ఫహద్ అనే ఆవిడ మా ఆసుపత్రిలో చేరారు. ఉమ్ ఫహద్ అంటే ఫహద్ తల్లి అని. అక్కడ పెద్దావిడలను పెద్దకొడుకు పేరుతో అలా పిలుస్తారు. డెబ్బై ఏళ్ళు, పెద్ద పేగు చివర కాన్సరు. దాన్ని తీసేసి, లోపలి కుట్లు మానేదాకా చిన్నపేగును పొట్ట కుడివైపు బయటికి తేవాలని సర్జన్ నిర్ణయించారు. ఎనిమిది, తొమ్మిది నెలల తర్వాత మళ్ళీ లోపలికి పంపేస్తారు.

ఆపరేషన్‌కు ముందురోజు స్టోమా ఎక్కడ రావాలో చెరగని ఇంకుతో గుర్తు పెట్టడం నా పని. పడుకోబెట్టి చుక్క పెడితే చాలనుకునే నర్సులు ఉన్నారు. మనిషి రోజంతా పడుకునే ఉండరు కదా. నేను ఆవిణ్ణి కుర్చీలో కూర్చోమన్నాను, నిలబడమన్నాను, భోజనానికి కూర్చున్నట్టు నేలమీద కూర్చోమన్నాను, నమాజుకు వంగినట్టు వంగమన్నాను. పొట్ట మడతలు ఎక్కడెక్కడ పడుతున్నాయో చూసి, ఏ మడతలోనూ ఇరుక్కోని చోట, ఆవిడ కంటికి ఆనే చోట చుక్క పెట్టాను. తన పెళ్ళికి కూడా ఎవరూ ఇన్ని కొలతలు తియ్యలేదని ఆవిడ నవ్వారు. ఆ చుక్క విషయంలో నాకు ఇప్పటికీ గర్వమే. ఆ తర్వాతి పని విషయంలో గర్వపడటానికి ఏమీ లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ మంచం వెనక, గోడకు ఆనుకుని, చాయ్ ఫ్లాస్కూ ఖర్జూరం డబ్బా పట్టుకుని ఒక పనిమనిషి నిలబడి ఉండేది. నలభై దాటి ఉంటుంది. పొడుగు గౌను, తలకు గుడ్డ, ముక్కుకు రెండువైపులా పుడకలు. ఆ పుడకలు చూడగానే రాయలసీమ మనిషని తెలిసిపోయింది. పేరు రమణమ్మ, రాయచోటి దగ్గర ఊరు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం నేను ఆమెతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు.

ఎందుకంటే, కువైట్‌లో తెలుగు నర్సులకూ ఇళ్ళల్లో పని చేసే తెలుగువాళ్ళకూ మధ్య ఒక గీత ఉండేది. గీసింది కువైటీలు కాదు, మేమే. శుక్రవారం చర్చి ప్రార్థనలో పక్కపక్కన కూర్చుని పాడేవాళ్ళం. యూనిఫాం వేసుకుంటే మాత్రం ఎవరో ఏమిటో అన్నట్టుండేవాళ్ళం. ఒకసారి తెలుగు బయటపడిందంటే ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితాలు చదివిపెట్టమని, వీసా ఇచ్చిన యజమానితో, అదే కఫీల్‌తో మాట్లాడమని, అత్తగారి మోకాళ్ళకు మందు ఇప్పించమని వరస మొదలవుతుందని భయం. అందుకని యూనిఫాంలో ఉన్నంతసేపు తెలుగు రానట్టుండే విద్య నాకు బాగా అబ్బింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపే ముందు సంరక్షణ నేర్పించాలన్నది నియమం. దానికి పద్నాలుగు అంశాల ఫారం ఒకటి ఉంటుంది. ఒక్కొక్కటే చెప్పి, పక్కన టిక్కు పెట్టి, చివర రోగి చేతగానీ బంధువు చేతగానీ సంతకం పెట్టించుకోవాలి. ఉమ్ ఫహద్ తరఫున కూర్చున్నది పెద్దకూతురు నూరా. ఆడపిల్లల బడిలో వైస్ ప్రిన్సిపాల్. చేతిలో అట్ట వేసిన నోటు పుస్తకం, రెండు రంగుల పెన్నులు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఆవిడ నంబర్లు వేసుకుంటూ రాసుకుంది. రమణమ్మ గోడ దగ్గర ఫ్లాస్కుతో నిలబడి చూస్తోంది.

మర్నాడు నా విమానం. నలభై ఐదు రోజుల సెలవు. నలభై కిలోల సామానుకు అనుమతి ఉంటే నా పెట్టెలు నలభై ఆరు తూగాయి. పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, రెండు పెద్ద పువ్వుల దుప్పట్లు. ఒక దుప్పటి ఆడపడుచుకు, ఒకటి తోడికోడలికి. ఏది తీసేసినా నరసాపురంలో నాకు నిలువ నీడ ఉండదు. నోరు స్టోమా గురించి చెబుతోంది, మనసు దుప్పట్ల దగ్గరుంది. ఉమ్ ఫహద్ స్టోమా కొలిచాను. అడ్డంగా ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ కొలతకు ఒక అట్ట అచ్చు కత్తిరించి, దాని మీద సంతకం చేసి, ఆ అచ్చుతో ఒక ప్లేటు కోసి చూపించాను. “అర్థమైందా?” అన్నాను. నూరా అయిందంది. సంతకం పెట్టింది. రెండు నెలలకు సరిపడా నాలుగు డబ్బాలు, ఒక్కోదాంట్లో ఐదు చొప్పున ఇరవై ప్లేట్లు ఇచ్చాను. కువైట్ జులైలో కారులో వదిలేస్తే ప్లేటు జిగురు బెల్లం పాకంలా కారిపోతుంది కనక చల్లని చోట ఉంచమన్నాను. మర్నాడు రెండు దుప్పట్లతోనూ ఇండియా వెళ్ళాను.

సెప్టెంబరు మధ్యలో, రంజాన్‌కు ఇంకా మూడు వారాలుందనగా తిరిగి డ్యూటీలో చేరాను. మొదటి వారంలోనే నా గదిలోకి చక్రాల కుర్చీలో ఉమ్ ఫహద్ వచ్చారు. తోసుకొచ్చింది డ్రైవరు, ముందు నడిచింది నూరా. సంచి దారిలో ఊడిపోతే పొట్ట మీద తువ్వాలు చుట్టుకొచ్చారు. తువ్వాలు తీస్తే చూడలేకపోయాను. స్టోమా చుట్టూ వేలి వెడల్పున చర్మం పచ్చిపుండయింది. నేను లేనప్పుడు అవుట్ పేషెంట్లో ఎవరో జింకు క్రీము రాశారు. జిడ్డు మీద ప్లేటు అసలే నిలవదు, అదొకటి తోడయింది. స్టోమా కొలిచాను. ఇరవై ఎనిమిది.

ఇందులో వింతేమీ లేదు. ఆపరేషన్ అయినప్పుడు పేగు వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తగ్గి స్టోమా చిన్నబడుతుంది. అందుకే ఆ రెండు నెలలూ వారానికోసారి కొలిచి, కొత్త కొలతకు ప్లేటు కత్తిరించాలి. ఫారంలో అది తొమ్మిదో అంశం. ఇక్కడ మాత్రం ఎవరో పెద్ద రంధ్రమే కోస్తున్నారని పుండును చూస్తేనే తెలుస్తోంది.

ప్లేటు మార్చేదెవరని అడిగాను. పనిమనిషి రమణమ్మ అని చెప్పింది నూరా. పదకొండేళ్ళుగా తమ ఇంట్లోనే ఉందని, మొదట్లో బాగానే చేసేదని, ఇప్పుడు నిర్లక్ష్యం ఎక్కువైందని, రోజుకో పక్కబట్ట పాడవుతోందని చెప్పింది. ఇక ఓపిక లేదని, సెలవుదినాలు అవగానే శనివారం ఆమెను మక్తబ్‌లో అప్పజెప్పేస్తున్నామని కూడా చెప్పింది. మక్తబ్ అంటే పనివాళ్ళను సరఫరా చేసే ఆఫీసు. పదకొండేళ్ళు చేసిన ఇంటివాళ్ళే పనికిరాదని తెచ్చి దింపితే మరో ఇంటివాళ్ళు తీసుకోరు. ఆ తర్వాత మిగిలేది విమానం టిక్కెట్టే, అదీ ఒకవైపుకే.

ఉమ్ ఫహద్ పైకప్పు వైపు చూస్తూ, “మా నూరా బడిలో ఆరువందల మందిని చూస్తుంది, ఇంట్లో ఒక్కదాన్ని చూడటానికి తీరిక లేదు” అన్నారు. నూరా వినిపించుకోలేదు.

నేను నూరా మాటే నమ్మాను. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. పనిమనిషి కంటి కొలతతో ఏదో ఒక సైజులో కోసేస్తోందనుకున్నాను. అయినా ఒక్కసారి మళ్ళీ నేర్పి చూస్తాను, గురువారం ఇంటికి వస్తాను, తర్వాత మీ ఇష్టం అన్నాను. గురు, శుక్రవారాలు అప్పట్లో అక్కడ వారాంతం. ఇళ్ళకు వెళ్ళడం మా పద్ధతి కాదు. కేరళకు చెందిన మా హెడ్ నర్సు కళ్ళజోడు మీదుగా చూసి, ‘ఒక్కసారికి మాత్రమే’ అని రిజిస్టరులో రాసి సంతకం చేసింది.

గురువారం పొద్దున్న వాళ్ళ డ్రైవరు వచ్చి నన్ను ఎగైలా పేటలో వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఉమ్ ఫహద్ ఇంకా నిద్ర లేవలేదన్నారు. నన్ను వంటింటి వైపు పంపారు. అక్కడ బల్ల నిండా సంబూసాలు, మన సమోసాల్లాంటివే, కాస్త చిన్నవి. రంజాన్ నెలంతా ఇఫ్తార్‌కు కావలసినవి ముందే వందల కొద్దీ చుట్టి, డబ్బాల్లో సర్ది ఫ్రీజర్లో పెట్టేస్తారు. అక్కడి ఇళ్ళల్లో మన ఆడవాళ్ళకు రంజాన్‌కు ముందు నెలే అసలు రంజాన్. రమణమ్మ పిండిచేతులతో ఒక్కతే చుడుతోంది.

“ఏమ్మా రమణమ్మా, బాగున్నావా?” అన్నాను తెలుగులో.

ఆమె చెయ్యి ఆపలేదు. “వచ్చినారా సిస్టరమ్మా. మీకు తెలుగు వచ్చని నాకు ఆపొద్దే తెలుసు” అంది. ఎలా తెలుసన్నాను. “రెండో దుప్పటి పెట్టేకి చోటు లేదని వరండాలో మీ ఇంటాయనతో ఫోన్లో పోట్లాడతాంటిరి గదా. నా చెవులతో ఇంటి. మీరు నాతో మాట్లాడకపాయె. డ్యూటీలో తెలుగు మాట్లాడగూడదేమో, పాపం అనుకుంటి.”

ఆ ‘పాపం’ నాకే చెందుతుంది. నేను సంచి సంగతి ఎత్తాను. ఆమె దానికి తయారుగానే ఉంది. ఇంటావిణ్ణి అక్కడ పనివాళ్ళు మామా అంటారు. రమణమ్మ స్టోమాకు ‘చిన్నమామా’ అని పేరు పెట్టుకుంది.

“పెద్దమామా అయినా పండుకుంటాది సిస్టరమ్మా, ఈ చిన్నమామాకు పండుకునేదే లేదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవల్ల” అంది. పదిగంటల వేళ చాయ్‌కి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వస్తారట. వాళ్ళ ముందు చిన్నమామా చప్పుడు చేస్తే పెద్దమామా ముఖం చిన్నబుచ్చుకుంటుందట. అందుకని చప్పుడు వచ్చినప్పుడల్లా ఈమె గట్టిగా దగ్గేదట. “పదిదినాలు దగ్గినా. పక్కింటి యమ్మ భయపడిపాయె. దీనికి టీబీ ఉండాది, ఎక్స్‌రే తీపియ్యండి, లేకుంటే ఇఖామా కొట్టేస్తారు అని మా మామాకు జెప్పె. నిజంగా తీసకపోయి తీపిచ్చినారు. ఏమీ లేదని కాగితమిచ్చినారు.”

నాకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వి, మళ్ళీ వెంటనే, “ఇంగ దగ్గేది లేదులే. సనివారం పోతాండా గదా” అంది.

ప్లేటు ఎలా కోస్తున్నావో చూపించమన్నాను. ఆమె చేతులు కడుక్కుని ఫ్రీజర్ తలుపు తీసింది. సంబూసాల డబ్బాల వెనక నుంచి ఒక ఐస్‌క్రీము డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత తీశాను. ఇరవై ప్లేట్లు. నేనిచ్చినవి అయిపోతే నూరా ఆ వారమే ఫార్మసీలో కొన్న ఇరవై. ఒక్కో దాని మధ్య వెన్న కాగితం. అన్నిటికీ రంధ్రం ముందే కోసి ఉంది.

“ఇవన్నీ ఎప్పుడు కోశావు?” అన్నాను.

“తెచ్చిన దినమే. మీరిచ్చినవి కూడా అట్లనే ఆసుపత్రి నుంచి వచ్చిన దినమే కోసి పెట్టుకుంటి. సంబూసా రేకులు ఒక్కనాడే కోసి పెట్టుకుంటాం గదా, ఇది కూడా అట్లనే గదా అనుకుంటి. మీరు చల్లంగ పెట్టమన్నారంట. ఇంట్లో దీనికన్నా చల్లనిది యాడుండాది?” అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఇంగోటి కూడా. కత్తెర చూస్తే మామాకు బో భయం. ఆపరేసన్ గుర్తొస్తాదంట. ఆ యమ్మ ముందర కత్తెర ఎత్తకుండా ఉంటాదని” అంది.

అచ్చు ఎక్కడుందని అడిగాను. మెడలో వేలాడే చిన్న సంచి తెరిచి, తన బతాకా పక్కన, అదే అక్కడి గుర్తింపు కార్డు, దాని పక్కన ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన నా అట్ట ముక్క తీసింది. పోగొట్టుకుంటే మళ్ళీ ఇవ్వరేమోనని అక్కడ దాచానంది. దాన్ని ఒక్కో ప్లేటు మీద పెట్టి చూశాను. ఇరవైలో ఏ ఒక్కదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. అంచు ఎక్కడా గరుకు లేదు. శిక్షణలో నేను కోసిన ప్లేట్లు కూడా అంత శుభ్రంగా లేవు. నిర్లక్ష్యం అన్న మాట నమ్మినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే నూరా వంటింట్లోకి వచ్చింది. డబ్బా చూసింది. పొట్టకు అతికించే వస్తువును తినేవాటితో కలిపి ఫ్రీజర్లో పెట్టిందా అని అరబ్బీలో అందుకుంది. చల్లబడిన జిగురు సరిగ్గా అతకదన్న మాట నిజమే. అన్నీ ఒకేసారి కోసెయ్యడం తప్పన్నదీ నిజమే. ఆ రెండు ముక్కలు చెప్పి, చూశారా మేడమ్ అని నేను చేతులు దులుపుకుని ఉంటే ఎవరూ నన్నేమీ అనేవారు కారు. ఆ క్షణంలో అలా అనాలనిపించింది కూడా. గోడ దగ్గర రమణమ్మ సంబూసా రేకు చేతిలో పట్టుకుని నా ముఖం చూస్తోంది.

“మేడమ్, ఇవాళ మీరే ఒకసారి మార్చి చూపించండి. ఆసుపత్రిలో నేర్చుకుని సంతకం పెట్టింది మీరే కదా” అన్నాను.

నూరా ముఖం వాడింది. లోపల గదిలో ఉమ్ ఫహద్ లేచి కూర్చుని ఉన్నారు. కూతురు ప్లేటు మారుస్తుందని వినగానే కనుబొమలెత్తి, దిండు సర్దుకుని, “యల్లా” అన్నారు, ఇక కానివ్వమని. నూరా గాజులు తీసింది, చేతులకు రెండు జతల గ్లవుజులు వేసుకుంది, ముక్కుకు మాస్కు కట్టుకుంది, మాస్కు మీద సెంటు చల్లుకుంది. నేను కొత్త డబ్బా తెచ్చుకున్నాను. ఉమ్ ఫహద్ పొట్ట మీది పాత ప్లేటు ఊడదీసి, కోయని ప్లేటు ఒకటి నూరా చేతికిచ్చాను.

ఆవిడ రమణమ్మ దగ్గర అచ్చు అడిగి తీసుకుంది. ప్లేటు మీద పెట్టి పెన్నుతో గీసింది. గీత వెంట చక్కగా కోసింది. వైస్ ప్రిన్సిపాల్ కదా, వంకర పోలేదు. తల్లి పొట్ట దగ్గరికి తీసుకెళ్ళి ఆగిపోయింది. రంధ్రం మధ్యలో స్టోమా చిన్నగా, చుట్టూ అర సెంటీమీటరు పచ్చి చర్మం కనిపిస్తూ. ప్లేటు వైపూ అచ్చు వైపూ మార్చి మార్చి చూసింది. ఇది మీరిచ్చిన అచ్చే కదా అంది.

“వారానికోసారి కొలిచి కొత్త అచ్చు కోసుకోమని నేను చెప్పలేదా?” అని అడిగాను. చెప్పి ఉంటానని నాకింకా ఆశ ఉంది.

లేదంది. నోటు పుస్తకం తెచ్చింది. తేదీ, నా పేరు, కింద వరసగా రెండు రంగుల్లో అంశాలు. పదమూడు ఉన్నాయి. నా ఫారంలో పద్నాలుగు. ఎనిమిది తర్వాత ఆవిడ తొమ్మిదిగా రాసుకున్నది నా పదో అంశం. నేను పలికినవన్నీ ఆవిడ రాసుకుంది. పలకనిది రాసుకోలేదు. ఆ తొమ్మిదో గడి దగ్గర నేను దుప్పటి గురించి ఆలోచిస్తూ టిక్కు పెట్టేశాను.

తప్పు నాదని ముందు అరబ్బీలో చెప్పాను, ఉమ్ ఫహద్‌కు అర్థం కావాలని. తర్వాత తెలుగులో రమణమ్మ వైపు తిరిగి చెప్పాను. “నేను చెప్పాల్సింది చెప్పలేదమ్మా. నీకు చెప్పినట్టే నువ్వు చేశావు. మామా పుండుకు కారణం నేను, నువ్వు కాదు.” ఆసుపత్రి ఫైలులో కూడా ఇలాగే రాస్తానని నూరాతో అన్నాను. మొదట నోరు విప్పింది ఉమ్ ఫహద్. రమణమ్మ పెట్టిన పేరు ఆవిడకూ తెలుసు. చిన్నమామా చిక్కిపోతే ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ గౌను కొలత మార్చలేదన్నమాట అని గట్టిగా నవ్వారు. నవ్వుకు సంచి లేని స్టోమా తన పని తాను చేసింది. నూరా రెండడుగులు వెనక్కి వేసింది, రమణమ్మ రెండడుగులు ముందుకు వేసి గుడ్డ అడ్డం పెట్టింది.

తర్వాత అరగంట రమణమ్మకు తెలుగులో నేర్పాను. వేరువేరు సైజుల రంధ్రాలున్న కొలత కార్డు చేతికిచ్చి, స్టోమాకు సరిపోయేది ఆమెనే వెతకమన్నాను. ఇరవై ఎనిమిది పట్టుకుంది. దానికి వెంట్రుకంత ఎక్కువ ఉంచి కోయాలన్నాను. అతికించే ముందు ప్లేటును అరచేతుల మధ్య వెచ్చబెట్టాలన్నాను. ఆమె అడిగింది ఒకే ప్రశ్న. కత్తెర మామా ముందు ఎత్తాలా అని. కొలత ఇక్కడ తీసుకో, వంటింట్లోకి వెళ్ళి కోసుకురా అన్నాను. అలాగే కోసుకొచ్చి అతికించింది. ఎక్కడా సందు లేదు.

నూరా ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది. మక్తబ్‌కు శనివారం రావడం లేదని చెప్పడం వినిపించింది. తిరిగొచ్చి రమణమ్మకు క్షమాపణ చెప్పలేదు. చాయ్ పెట్టమంది. వంటింట్లో నా వెనకే వచ్చిన రమణమ్మ, “ఖలాసేనా సిస్టరమ్మా? నేను పోయే పనిలేదా?” అని అడిగింది. లేదన్నాను. పీట లాక్కుని కూర్చుంది. తలగుడ్డ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. “నేను పోయేదానికి గాదు నా దిగులు. ఆ యమ్మ ఎవుర్నీ దగ్గరికి రానీదు. నేను పోతే ఎవురు జూస్తారో అని” అంది. నాకూ కళ్ళు చెమర్చాయి. పొయ్యి మీద నీళ్ళు మరిగాక లేచి తేయాకు వేసింది.

శనివారం ఫైలు తెప్పించుకున్నాను. తొమ్మిదో టిక్కును అడ్డంగా కొట్టేసి, ‘ఈ అంశం చెప్పబడలేదు’ అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. ఫైలులో కొట్టివేతలు ఉంటే పైవాళ్ళు అడగక మానరు. మేట్రన్ పిలిపించింది. రాతపూర్వకమైన ఇంజార్, అంటే హెచ్చరిక, నా సర్వీసు పుస్తకంలో చేరింది. ఎనిమిదేళ్ళలో అదే మొదటిది. ఎవరూ అడగని సంగతి నువ్వెందుకు రాసుకున్నావని మేట్రన్ మామూలుగానే అడిగింది. నా తప్పు అక్కడ రాయకపోతే మరో ఇంట్లో మరో పనిమనిషి పేరు మీద రాస్తారని చెప్పాను. అర్థమైనట్టూ కానట్టూ తలూపింది.

చర్మం రెండు వారాల్లో మానింది. రంజాన్ మొదటివారంలో ఉమ్ ఫహద్ తన చెల్లెలింటికి ఇఫ్తార్‌కు వెళ్ళొచ్చారని, చిన్నమామా కూడా మర్యాదగా ఉందని రమణమ్మ ఫోను చేసి చెప్పింది. తర్వాతి వసంతంలో సర్జన్లు పేగును లోపలికి పంపి స్టోమా మూసేశారు. రమణమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండే. మొదటిది, ఇంట్లో ప్లేటు మార్చబోయే మనిషి ఎవరో తెలుసుకుని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె భాషలో చెప్పాలి. సంతకం పెట్టేవాళ్ళు ఎవరైనా కావచ్చు. మా ఫారంలో పైనే ఆమె పేరుకూ భాషకూ రెండు గళ్ళు పెట్టించాను. రెండోది, ‘అర్థమైందా?’ అన్నది ప్రశ్న కాదు. అడిగితే అందరూ అయిందనే అంటారు, అడిగినవాళ్ళకు కావలసిందీ అదే. 2019లో రిటైరయ్యేదాకా, ఆ పద్నాలుగేళ్ళూ, మార్చేవాళ్ళు నా ముందు కొలిచి, కోసి, అతికించి చూపించేవరకు నేను ఒక్క రోగినీ ఇంటికి పంపలేదు. పడకలు ఖాళీ కావడం లేదని ఇద్దరు ముగ్గురు డాక్టర్లు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.